నా ట్యూబ్ యాంప్ వెనకున్న ఆ రెండు జాక్‌లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ గిటార్ యాంప్ నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లు దాటింది. 50 వాట్ల హెడ్ (స్పీకర్ క్యాబినెట్ విడిగా ఉండే రకం), రెండు ఛానెళ్లు, స్పీకర్‌ని నడిపే పవర్ సెక్షన్‌లో రెండు ఈఎల్34 ట్యూబులు, గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్‌లో 12ఏఎక్స్7 ట్యూబులు. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేను చెప్పాలనుకున్నది వెనక ప్యానెల్ మీద పక్కపక్కనే ఉండే సెండ్, రిటర్న్ అనే రెండు జాక్‌ల గురించి. వాటిని కలిపి ఎఫెక్ట్స్ లూప్ అంటారు, ప్రీయాంప్‌కీ పవర్ సెక్షన్‌కీ మధ్యలో పెడల్ కలిపే దారి అది. ఈ యాంప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ లూపే. ఐదు నెలల పాటు నన్ను ఏడిపించింది కూడా అదే.

దీనికి ముందు నేను వాడిన చిన్న యాంప్‌లో లూప్ లేదు. నోటుకి ప్రతిధ్వనులు ఇచ్చే డిలే పెడల్‌ని గిటార్‌కీ యాంప్ ఇన్‌పుట్‌కీ మధ్యలో పెట్టేవాణ్ణి. గెయిన్ తక్కువ ఉన్నంతసేపు, అంటే ప్రీయాంప్‌లో డిస్టార్షన్ (గరుకుదనం) రానంతసేపు, ఇబ్బంది ఉండేది కాదు. గెయిన్ పెంచితే మాత్రం డిలే ఇచ్చే ప్రతి ప్రతిధ్వనీ మళ్లీ డిస్టార్షన్‌లోంచి వెళ్లేది. అసలు నోటు, దాని ప్రతిధ్వనులు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా వినిపించేవి. లూప్‌లో పెడితే వరస మారుతుంది. గిటార్ సిగ్నల్ ముందు గెయిన్, ట్రెబుల్, మిడ్, బాస్ దాటుకుని సెండ్ నుంచి బయటికొస్తుంది, పెడల్‌లోకి వెళ్తుంది, తిరిగి రిటర్న్‌లోంచి పవర్ ట్యూబుల వైపు పోతుంది. అంటే డిస్టార్షన్ అయిపోయాకే డిలే మొదలవుతుంది. మొదటి రోజు అలా కలిపి ఒక్క నోటు వాయించి వదిలేశాను. అది మెల్లగా సన్నబడుతూ, ఏ గరుకుదనమూ లేకుండా దూరమవుతుంటే చాలాసేపు అలాగే వింటూ కూర్చున్నాను.

మొదటి ఏడాదంతా కనబడిన ప్రతి గిటారిస్టుకీ లూప్ ఉన్న యాంపే కొనమని చెప్పాను. ఇప్పుడైతే ఆ మాటకి రెండు సవరణలు చేస్తాను. ఒకటి, డిస్టార్షన్ ప్రీయాంప్‌లోంచి వస్తున్నప్పుడే లూప్ వల్ల ఈ లాభం. మాస్టర్ వాల్యూమ్ బాగా పెంచి పవర్ ట్యూబులనే అరిపిస్తే లూప్‌లోని డిలే వాటికి ముందే ఉంటుంది కాబట్టి మళ్లీ అదే ముద్ద తయారవుతుంది. డ్రమ్స్‌తో కలిసి గట్టిగా వాయించినప్పుడు నాకు ఇది స్పష్టంగా తెలిసింది. రెండోది లెవెల్. నా యాంప్ వెనక లూప్‌కి ప్లస్ 4, మైనస్ 10 అని ఒక చిన్న స్విచ్ ఉంది. ప్లస్ 4 అంటే ర్యాక్‌లో బిగించే ఎఫెక్ట్ పరికరాలకి సరిపోయే పెద్ద సిగ్నల్, మామూలు పెడళ్లకి మైనస్ 10 నయం. ఇది తెలియక చాలా వారాలు ప్లస్ 4లోనే వాడాను. గట్టిగా మీటినప్పుడల్లా డిలే నొక్కుకుపోయినట్టు పలికేది. తప్పు పెడల్‌దే అనుకున్నాను.

ఇక అసలు కథ. మూడో ఏట ఒక రిహార్సల్‌లో ఉన్నట్టుండి స్పీకర్ మీద ఎవరో దుప్పటి కప్పినట్టు శబ్దం పడిపోయింది. పూర్తిగా ఆగలేదు, సగానికి పైగా తగ్గి మందంగా అయిపోయింది. ఒక కార్డ్ గట్టిగా కొడితే చిటపటమని మళ్లీ మామూలైంది. తర్వాత వారం అదే తంతు. ఒక్కోసారి గంటసేపు ఏమీ ఉండదు, ఒక్కోసారి పది నిమిషాల్లో మూడుసార్లు. వాయిస్తున్నంతసేపూ ఎప్పుడు పోతుందో అని టెన్షనే.

గిటార్ కేబుల్ మార్చాను. గిటార్ మార్చాను. యాంప్ నుంచి క్యాబినెట్‌కి వెళ్లే స్పీకర్ కేబుల్ కూడా మార్చాను. ఇది మాత్రం యాంప్ పూర్తిగా ఆపాకే, ఎందుకంటే స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. తర్వాత ట్యూబుల మీద పడ్డాను. యాంప్ ఆపి, చల్లారనిచ్చి, దగ్గరున్న ఒక మంచి 12ఏఎక్స్7ని ఒక్కో స్థానంలో పెట్టి చూశాను. తేడా లేదు. అయితే పవర్ ట్యూబులే అనుకుని కొత్త జత కొన్నాను. బయాస్ (పవర్ ట్యూబుల్లో నిలకడగా పారే కరెంట్) సరిచేయించడానికి రిపేర్ చేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. సమస్య కూడా చెప్పాను. ఆయన రెండు గంటలు నడిపి చూశారు, ట్యూబుల్ని పెన్సిల్‌తో మెల్లగా తట్టి చూశారు. "ఇక్కడ బాగానే పలుకుతోందండీ, ఇదీ లోపం అని ఏం చెప్పమంటారు" అన్నారు. కొత్త ట్యూబులతో ఇంటికి తెచ్చిన నాలుగో రోజే మళ్లీ దుప్పటి పడింది. ఆ రోజు దాన్ని అమ్మేద్దామనే అనుకున్నాను.

ఐదో నెలలో గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. డిలే పెడల్ లూప్‌లో తగిలించి ఉన్న రోజుల్లో ఈ గొడవ ఒక్కసారి కూడా రాలేదు. ఆ మధ్య ఒక పాటల సెట్‌కి డిలే అక్కర్లేక పెడల్‌ని ఇంట్లోనే వదిలి వెళ్లేవాణ్ణి. శబ్దం పోయిన రోజులన్నీ అవే. రిపేర్ దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఉత్త యాంప్‌నే, కానీ ఆ రోజు దారి పొడవునా కుదుపులు తగిలి తాత్కాలికంగా సర్దుకుని ఉంటుంది. వెంటనే ఒక చిన్న ప్యాచ్ కేబుల్ తీసుకుని ఒక కొస సెండ్‌లో, రెండో కొస రిటర్న్‌లో గుచ్చాను. మధ్యలో పెడల్ ఏమీ లేదు. పది రోజులు అలాగే వాయించాను. ఒక్క చిటపట కూడా లేదు.

కారణం రిటర్న్ జాక్ లోపల ఉంది. దానిలో ప్లగ్ లేనప్పుడు రెండు లోహపు రేకులు ఒకదానికొకటి ఆని ఉంటాయి, సిగ్నల్ వాటి మీదుగా నేరుగా పవర్ సెక్షన్‌కి పోతుంది. ప్లగ్ పెడితే ఆ రేకు పక్కకి జరిగి, సిగ్నల్ పెడల్ వైపు తిరుగుతుంది. ఆ రేకులు కలిసే చోట దుమ్ము, ఆక్సైడ్ పొర పేరుకుంటే సిగ్నల్ సరిగా దాటదు. గట్టి కార్డ్ కొట్టినప్పుడు ఆ అదురుకి రేకులు కాస్త కదిలి మళ్లీ దారి దొరుకుతుంది. అంటే నేను లూప్ వాడనప్పుడు కూడా నా శబ్దం మొత్తం ఆ లూప్ జాక్ మీదే ఆధారపడి ఉంది. లూప్‌ని అసలు ముట్టుకోని వాళ్లకే ఈ బాధ ఎక్కువగా వచ్చేది, ఎందుకంటే ప్లగ్ రాపిడి లేక ఆ రేకు ఏళ్ల తరబడి శుభ్రపడదు. కొన్ని యాంప్‌లలో లూప్‌ని పూర్తిగా తప్పించే స్విచ్ ఉంటుంది. నా దానిలో లేదు. ఇంత బాగా ఆలోచించి చేసిన యాంప్‌లో ఆ ఒక్క స్విచ్ పెట్టకపోవడం మీద నాకు ఇంకా కోపం ఉంది.

కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా ప్లగ్‌కి పట్టించి, యాంప్ ఆపి ఉండగా పదిహేనుసార్లు రిటర్న్‌లో పెట్టి తీశాను. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ మొదలైంది. అప్పుడు జాక్‌నే మార్పించాను. యాంప్ లోపల కెపాసిటర్లు కరెంట్ ప్లగ్ పీకేశాక కూడా వందల వోల్టులు పట్టి ఉంచుతాయి, కాబట్టి ఆ పని నేను చేయలేదు, మీరూ చేయకండి. మార్చి పద్నాలుగు నెలలైంది, ఇప్పటివరకు నిక్షేపంగా ఉంది.

ఈ గొడవలో నేను నేర్చుకున్నది ఒకటుంది. లూప్ ఉంటే యాంప్‌ని రెండు ముక్కలుగా విడదీసి పరీక్షించుకోవచ్చు. మాస్టర్ తగ్గించి గిటార్‌ని నేరుగా రిటర్న్‌లో పెట్టి, మెల్లగా పెంచి చూడండి. శబ్దం చిన్నగా, పల్చగా వస్తుంది, అది సహజమే. కానీ నిలకడగా వస్తే పవర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ బాగున్నట్టే లెక్క. కొన్ని యాంప్‌లలో మాస్టర్ లూప్‌కి ముందే ఉంటుంది, అప్పుడు గిటార్ వాల్యూమ్‌తోనే సర్దుకోవాలి. అలాగే సెండ్ నుంచి ఇంకో యాంప్‌కి కలిపితే ప్రీయాంప్ సంగతి తెలుస్తుంది. అప్పుడు కూడా మొదటి యాంప్‌కి దాని స్పీకర్ తగిలించే ఉంచాలి. ఈ ఐదు నిమిషాల పరీక్ష ముందే తెలిసుంటే నేను ఆ కొత్త పవర్ ట్యూబులు కొనేవాణ్ణి కాదు.

మిగతావాటి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. టోన్ నాబ్‌లు ఒకదాన్నొకటి లాగుతాయి, ట్రెబుల్ పెంచితే మిడ్ నాబ్ పని తగ్గినట్టుంటుంది, అలవాటు పడాలి. శబ్దం పదును మార్చే ప్రెజెన్స్ నాబ్ ప్రభావం మాస్టర్ బాగా తక్కువలో ఉన్నప్పుడు పెద్దగా తెలియదు. స్పీకర్ జాక్‌లు 4, 8, 16 ఓమ్‌లకి విడివిడిగా స్పష్టంగా రాసి ఉన్నాయి, నా 8 ఓమ్‌ల క్యాబినెట్‌తో ఏ చిక్కూ రాలేదు.

మళ్లీ కొంటానా అంటే, నేను వాయించే తీరుకి కొంటాను. నాది ప్రీయాంప్ గెయిన్, దాని మీద పొడవాటి డిలే, వారానికోసారి రిహార్సల్. క్లీన్ ఛానెల్‌లో అన్ని పెడళ్లూ ముందే పెట్టుకుని వాయించే వాళ్లకి ఈ లూప్ అవసరమే ఉండదు, అలాంటప్పుడు తక్కువ జాక్‌లున్న సాదా యాంప్ చాలు. వాడిన యాంప్ చూడడానికి వెళ్తుంటే మాత్రం ఒక ప్యాచ్ కేబుల్ జేబులో వేసుకోండి. ముందు లూప్ ఖాళీగా ఉంచి వాయించండి, తర్వాత సెండ్, రిటర్న్ కలిపి వాయించండి. రెండోసారి శబ్దం పెరిగితే రిటర్న్ జాక్ మార్పించాల్సి వస్తుందని అమ్మేవారికి అప్పుడే చెప్పండి.