హేమకుండ్ దారిలో అసలు బ్రహ్మకమలం

కర్నూలు బి.క్యాంపులో మా అక్కవాళ్ల మిద్దె మీద కుండీలో బ్రహ్మకమలం ఉంది. పూసిన రోజు రాత్రి వీధిలో అందర్నీ పిలిచి, హారతి పట్టి, పండుగ చేస్తుంది. తెల్లారేసరికి పువ్వు వాడి తల వేలాడేస్తుంది. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన నాగజెముడు కుటుంబపు మొక్క అనీ, అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూస్తుందనీ, అది చామంతి కుటుంబానిదనీ చెబితే నమ్మలేదు. "అయితే చూపించు పో" అంది. ఆగస్టు చివర్లో ఉత్తరాఖండ్‌లోని హేమకుండ్‌కు బయల్దేరాం. కొండమీద సరస్సు పక్కన సిక్కుల గురుద్వారా ఉన్న చోటది.

హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి హరిద్వార్‌కు రైలు. హరిద్వార్ నుంచి గోవింద్‌ఘాట్ దాదాపు 300 కిలోమీటర్ల కొండదారి. ఒక్క రోజులో పోవచ్చంటారు గానీ పోవద్దు. వానలకు కొండచరియలు విరిగిపడితే గంటలకొద్దీ బండ్లు ఆగిపోతాయి. మేం పీపల్‌కోటిలో రాత్రి ఆగి మంచిపని చేశాం.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, ఆపైన, యాత్రికులు బస చేసే ఊరు ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్ల నడక. అక్కకు మోకాళ్ల నొప్పి, కంచరగాడిద ఎక్కింది. బేరం ముందే ఖాయం చేసుకోవాలి, దిగాక మాటలు మారతాయి.

ఘాంఘరియాలో బస విషయంలో మాకు గట్టి దెబ్బ తగిలింది. ప్యాకేజీ మాట్లాడినాయన ఇద్దరికో గది అని చెప్పి, తీరా పోయాక ఐదుగురిని ఒకే గదిలో పెట్టించాడు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, వేన్నీళ్ల బకెట్‌కు విడిగా డబ్బు. మరుసటి రోజు గురుద్వారాకు మారాం. అక్కడ పెద్ద హాల్లో పడక, ఏకాంతం ఉండదు, కానీ కంబళ్లు పొడిగా ఉన్నాయి. మాకైతే అదే నయమనిపించింది. లంగర్లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, వేడి కిచిడీలోకి ఇంటి నుంచి తెచ్చిన బుడ్డల పొడి కలుపుకుంటే ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న సర్దార్జీ కూడా రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

ఘాంఘరియా దగ్గరున్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) అందమైనదే, 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. లోపలికి గుర్రాలను రానివ్వరు, రాత్రి ఉండనివ్వరు. కానీ బ్రహ్మకమలం కోసమే అయితే అక్కడ వెతుక్కోవద్దు. మేం తిరిగిన దారిలో ఒక్కటీ కనబడలేదు. అది ఇంకా పైన, 3,700 మీటర్లు దాటాక పూస్తుంది. హేమకుండ్ ఎక్కాలి.

ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్లు, ఒకటే ఎక్కుడు. పైకి పోయేకొద్దీ ఊపిరాడక పది అడుగులకోసారి నిలబడ్డాను. మంచు కమ్మేసింది, సన్నగా తుంపర. చివరి మలుపుల్లో రాళ్ల సందున మూరెడు ఎత్తు కూడా లేని మొక్కలు, ఒక్కో కాడ మీద లేతాకుపచ్చ కాగితం చుట్టినట్టు పొట్లం. ముందు ఘాటైన వాసన వచ్చింది, తర్వాత పువ్వు కనబడింది. అక్క గాడిద దిగి మోకాళ్ల మీద కూర్చుంది. ఆ పొట్లం అంచుల నిండా వాన బొట్లు. ఒక్క అంచు వేలితో మెల్లగా జరిపి చూసింది. లోపల ఊదారంగు పూలగుత్తి, నీటి చుక్క లేకుండా పొడిగా! రేకుల్లాగా కనబడేవి నిజానికి పూతను కప్పే పలచని ఆకులు. వెలుతురు లోపలికి పోనిస్తాయి, చలి, వాన తగలనియ్యవు.

"ఇదేందిరా, ఇంత ఎత్తున ఇది తనకు తానే ఇల్లు కట్టుకుందే" అంది. జరిపిన అంచును మళ్లీ ఎట్లుందో అట్లే సర్దింది.

ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అది. బదరీ, కేదారాల్లో పూజకూ వాడతారు. దారిలో ఒకాయన గుప్పెడు తెంపుకుని దిగుతుంటే అక్కకు కన్నీళ్లొచ్చాయి. దయచేసి తెంపకండి. కింద మన వేడికి అది ఎలాగూ నిలవదు.

పైన సరస్సు దగ్గర ఎక్కువసేపు ఉండలేదు, మధ్యాహ్నం రెండింటికల్లా దిగమంటారు. మేం ఘాంఘరియాలో రెండు రాత్రులే పెట్టుకున్నాం, చాల్లేదు. మూడు పెట్టుకోండి. వాన కోటు మాత్రం కర్నూలులోనే మంచిది కొనుక్కుపోండి, గోవింద్‌ఘాట్‌లో కొన్నది సగం దారిలోనే చిరిగింది.