జిప్సీకి పారాబోలిక్ కమాన్లు: మూడేళ్లు దాటిన వాడకం తర్వాత

నా బండి మారుతి జిప్సీ, ఎంపీఎఫ్ఐ మోడల్. మిలిటరీ వేలంలో అమ్ముడుపోయి, చేతులు మారి కడపకు చేరింది. వేంపల్లి వైపున్న చీనీ (బత్తాయి) తోటకు రోజూ వెళ్లిరావాలి. తీరిక దొరికితే గండికోట వెనక మట్టిదారులు, పెన్న ఒడ్డు.

జిప్సీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు. నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగులు. ఖాళీ బండి బరువు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. కంపెనీ కమాన్లేమో మనుషులూ సామానూ కలిపి ఇంకో అర టన్ను మోసేందుకు చేసినవి. అందుకే ఒంటరిగా పోతే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. దానికి తోడు మా దుమ్ము. అది పట్టీల మధ్య దూరుతుంది, వానకు తుప్పు కూడా పడితే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారడం మానేస్తాయి. ఇక కమాను వంగదు, బండే ఎగురుతుంది.

దీనికి మా ఊళ్లో లారీ కమాన్లు చేసే షెడ్లలో తేలిక మందు ఒకటుంది: కట్టలోంచి ఒక పట్టీ తీసేయడం. మెత్తబడే మాట నిజమే. కానీ ఆ పట్టీ మోసే బరువు మెయిన్ పట్టీ మీద పడి, కొన్నాళ్లకు బండి కుంగుతుంది. అది నాకు నచ్చలేదు. ఇక రెండంగుళాలు లేపే కిట్లు. జిప్సీ ముందు కమాన్లకు షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే, ఊగే లింకు) ముందువైపు ఉంటుంది. పొడుగు షాకిల్ వేస్తే యాక్సిల్ ముందుకు వాలి, స్టీరింగ్‌ను నేరుగా నిలిపే వాలు కోణం (క్యాస్టర్) తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ తిరుగుతుంది. యాక్సిల్‌కు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వణుకు రావచ్చు, బ్రేకు పైపుల పొడవూ చూసుకోవాలి. బండిలో మార్పులకు హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి సరేసరి. మేస్త్రీ ఒక్క ముక్కలో అడిగాడు: "అన్నా, ఎత్తు కావాల్నా, సుకం కావాల్నా?" సుఖమే అన్నాను. కంపెనీ ఎత్తులోనే ఉండే పారాబోలిక్ సెట్టు తెప్పించాను. షాక్ అబ్జార్బర్లతో కలిపి ఖర్చు అర లక్ష దాటింది.

పారాబోలిక్ పట్టీ నడుమ మందంగా ఉండి, చివరలకు పోయేకొద్దీ పలచబడుతుంది. పట్టీలు తక్కువ. అవి మధ్యలో, చివర్లలో తప్ప ఒకదాన్నొకటి తాకవు. రాపిడి తగ్గడమే దీని గుణం, అదే దీని చిక్కు కూడా. పాత కట్టలో ఆ రాపిడే కొంత షాక్ అబ్జార్బర్ పని చేసేది. అది పోయాక ఊపును ఆపాల్సిన భారమంతా షాక్‌ల మీదే పడుతుంది. పాత షాక్‌లతోనే నెట్టుకొద్దామనుకునేవాళ్లు ఈ సెట్టు జోలికి పోకపోవడం మంచిది, బండి ఉయ్యాలవుతుంది. నేను గ్యాస్ షాక్‌లు వేయించాను.

బిగింపులో రెండు విషయాలు దగ్గరుండి చూసుకోవాలి. కమానును యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు కొత్తవే వేయాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. షాకిల్ బోల్టుల ఆఖరి బిగింపు బండి జాకీ మీద ఉండగా కాదు, చక్రాలు నేల మీద ఆనాకే. లేదంటే రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతాయి. అంగడివాళ్లు పాలీయూరిథేన్ బుష్‌లు అంటగట్టబోయారు. అవి గట్టివి, గ్రీజు ఆరితే కిర్రుమంటాయి. నేను రబ్బరువే అడిగి వేయించుకున్నాను.

ఇక నడక. తోట దారిలో రాళ్లు తేలిన చోట మునుపు సెకండ్ గేరులో ప్రాణం బిగబట్టుకుని పోయేవాణ్ని, ఇప్పుడు థర్డ్‌లో పోతున్నాను. గుంతలో పడ్డ చక్రం ఒక్కటే కదులుతుంది, బండంతా ఎగరదు. మట్టిదారిలో తేడా ఇంకా బాగా కనిపిస్తుంది: అడ్డగుంతల్లో చక్రాలు నేలను వదలవు, అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ వేయాల్సిన అవసరమే తగ్గింది. నదిలో ఇసుక వచ్చినచోట టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా దించితే చాలు. జమ్మలమడుగు పక్క నల్లరేగడిలో వాన పడితే మాత్రం ఏ కమానూ ఆదుకోదు, అక్కడ టైరుదే రాజ్యం.

గువ్వలచెరువు ఘాట్‌లో ఒక లోటు తెలుస్తుంది. మలుపు మొదట్లో బండి మునుపటికన్నా ఎక్కువ వాలుతుంది. తర్వాత నిలదొక్కుకుంటుంది కానీ, పక్క సీటులో కూర్చున్న మా ఇంటావిడకు అది నచ్చలేదు. పైన ఆగి పాలకోవా కొంటే కోపం తగ్గింది.

అసలు ఇబ్బంది బరువుతో. వెనక చీనీ పెట్టెలు నింపితే తోక బాగా దిగుతుంది, గుంతల్లో యాక్సిల్ బంప్ స్టాపులకు (అది ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మలకు) తగులుతుంది. అందుకే కోత రోజుల్లో పక్కతోటవాళ్ల ఆటో ట్రాలీని పిలుస్తున్నాను. రోజూ సరుకు మోసే బండి అయితే ఈ సెట్టు వద్దు. పాత కట్టలే విప్పించి, తుప్పు గీకించి, గ్రీజు పూయించి, కుంగినవాటికి మళ్లీ వంపు పెట్టించుకుంటే పావు ఖర్చులో పని జరుగుతుంది.

మన్నిక విషయానికొస్తే, మొదటి నెలల్లో సుమారు అరంగుళం దిగింది, అంతటితో ఆగింది. పట్టీలేవీ విరగలేదు. పట్టీల సందుల్లో గులకరాళ్లు ఇరుక్కుంటాయి, కడిగేటప్పుడు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టాలి. చివర్లలోని ప్యాడ్లు అరిగాయి, మార్పించాను. వెనక షాక్‌ల పై బుష్‌లు ఇప్పుడు చప్పుడు చేస్తున్నాయి. అవి కడప బజార్లోనే దొరుకుతాయి, వచ్చే సర్వీసులో వేయించాలి.