ఐఫ్రేమ్ ఎత్తు: బయటినుంచి కొలవాలా, లోపలినుంచి చెప్పించాలా?

బెంగళూరు మారతహళ్ళిలో మా రూమ్ కింద ఉన్న ఆంధ్రా మెస్‌కి నెల భోజనం బదులుగా చిన్న వెబ్‌సైట్ చేసిపెట్టాను. ఆర్డర్ ఫారం వేరే డొమైన్‌లో ఉంటుంది, దాన్ని ఐఫ్రేమ్‌లో (ఒక పేజీలో ఇంకో పేజీని చూపించే కిటికీ) పెట్టాను. ‘ఇంటికి క్యారేజీ కావాలి’ అని టిక్ పెట్టగానే అడ్రస్ గడులు తెరుచుకుని ఫారం పొడుగవుతుంది, ఐఫ్రేమ్ మాత్రం ఉన్నంతే ఉంటుంది, దాంతో ‘పంపు’ బటన్ కనిపించకుండా పోయింది. "ఆర్డర్లు రావట్లేదేంటి బాబూ, దిష్టి గానీ తగిలిందా" అంది మెస్ ఆంటీ.

మనం ఎత్తు చెప్పకపోతే బ్రౌజర్ మామూలుగా 150 పిక్సెళ్ళే ఇస్తుంది, లోపల ఎంత ఉన్నా సరే. అందుకే చాలామంది 900 అని రాసేసి ఊరుకుంటారు. లోపలి పేజీ మన చేతిలో లేకపోతే తప్ప ఆ పని చేయకండి.

బయటినుంచి కొలవడం తేలిక: లోడ్ అయ్యాక లోపలి పేజీ స్క్రోల్‌హైట్ (కనిపించని భాగంతో కలిపి మొత్తం ఎత్తు) చూసి ఐఫ్రేమ్‌కి ఇచ్చేయడమే. కాకపోతే రెండు పేజీలూ ఒకే డొమైన్, ఒకే పోర్ట్, ఒకే ప్రోటోకాల్‌లో ఉండాలి, లేకపోతే బ్రౌజర్ లోపలికి తొంగి చూడనివ్వదు. పైగా లోడ్ ఒక్కసారే జరుగుతుంది, తర్వాత తెరుచుకునే గడుల సంగతి దానికి తెలీదు. ఇంకో తిరకాసు: పేజీ మొత్తం స్క్రోల్‌హైట్ ఎప్పుడూ ఫ్రేమ్ ఎత్తు కంటే తగ్గదు కాబట్టి టిక్ పెడితే 640 కాస్తా 980 అవుతుంది, తీసేసినా 980 దగ్గరే కూర్చుంటుంది. అందుకే ఫారం చుట్టూ ఒక డివ్ (పెట్టెలాంటి ట్యాగ్) పెట్టి, దాని ఆఫ్‌సెట్‌హైట్ (ఆ పెట్టె సొంత ఎత్తు) కొలవండి.

నా ఓటు మాత్రం పోస్ట్‌మెసేజ్‌కే, అంటే ఒక పేజీ ఇంకో పేజీకి కబురు పంపే పద్ధతికే. లోపలి పేజీలో రీసైజ్ అబ్జర్వర్ ఆ డివ్‌ని కనిపెట్టుకుని ఉంటుంది, ఎత్తు మారినప్పుడల్లా బయటికి కబురు పంపుతుంది, ఫాంట్లూ ఫోటోలూ ఆలస్యంగా వచ్చినా దానికి తెలిసిపోతుంది. డొమైన్లు వేరైనా ఇబ్బంది లేదు. కబురు ఎవరు పంపారో ఒరిజిన్ (డొమైన్, పోర్ట్, ప్రోటోకాల్ కలిపిన చిరునామా) చూడకుండా మాత్రం నమ్మొద్దు, పేజీలో నాలుగు ఐఫ్రేములుంటే ఏది పంపిందో సోర్స్ కూడా చూడాలి.

నేను బోల్తా పడింది వేరేచోట. ఆ డివ్‌కే కనీస ఎత్తు 100 వీహెచ్ (పేజీ కనిపించే కిటికీ ఎత్తు మొత్తం) అని పెట్టాను, పైన 20 పిక్సెళ్ళ ప్యాడింగ్ (లోపలి ఖాళీ) కూడా. ఐఫ్రేమ్‌లో 100 వీహెచ్ అంటే ఆ ఐఫ్రేమ్ ఎత్తే! కబురు వెళ్ళిన ప్రతిసారీ ఫ్రేమ్ 20 పెరగడం, పెరిగిందని మళ్ళీ కబురు, పేజీ అలా కిందికి పోతూనే ఉంది. వీహెచ్ తీసేశాక గానీ ఆగలేదు.

ఇదంతా చేసిపెట్టే ఐఫ్రేమ్-రీసైజర్ లైబ్రరీ కూడా ఉంది, దానికీ రెండు వైపులా స్క్రిప్ట్ పెట్టాల్సిందే, వెర్షన్ 5 నుంచి జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్) లేదా డబ్బు కట్టే లైసెన్స్. పది సైట్లలో మీ ఫారం ఉంటే తీసుకోండి. మెస్‌కి పదిహేను లైన్లు సరిపోయాయి, ఆంటీకి మాత్రం నిమ్మకాయతో దిష్టి తీయించాకే ఆర్డర్లు మొదలయ్యాయని గట్టి నమ్మకం.