చేతిలో 5 వాట్లే: మోర్సా, ఎఫ్‌టీ8ఆ, మాటా?

హామ్‌లు, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లు, సందేశం పంపే పద్ధతుల్లో (మోడ్‌లలో) మూడింటిని ఇక్కడ పోలుస్తున్నాను: చుక్కలూ గీతల మోర్స్, కంప్యూటర్ పంపి చదివే ఎఫ్‌టీ8, మైకులో మాట. మోర్స్‌లో 5 వాట్లు, మాటలో 10 వాట్ల పీక్ దాటకుండా పని చేస్తే క్యూఆర్‌పీ (తక్కువ పవర్ పని) అని హామ్‌ల లెక్క. 100 వాట్ల రిగ్గు (రేడియో సెట్టు) పక్కన 5 వాట్లంటే ఇరవయ్యో వంతు. వినడానికి మరీ తక్కువ అనిపిస్తుంది గానీ, డెసిబెల్స్‌లో తేడా 13 మాత్రమే. అందే సిగ్నల్ బలాన్ని కొలిచే ఎస్ యూనిట్‌కి 6 డెసిబెల్స్ (డీబీ) చొప్పున రెండు యూనిట్ల పైన కాస్త. 100 వాట్లతో ఎస్7 వచ్చే చోట మనం దాదాపు ఎస్5 వస్తాం. బ్యాండు (మనం వాడే ఫ్రీక్వెన్సీల పట్టీ) నిలకడగా ఉన్నంతసేపూ ఇది ఇబ్బందే కాదు. చిక్కంతా ఫేడింగ్‌తోనే, అంటే సిగ్నల్ బలం ఎక్కుతూ దిగుతూ ఉండటంతోనే: ఆ ఎస్7 నిమిషంలో ఎస్4కి దిగితే, మన ఎస్5 నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకే ఏ మోడ్ మేలో తేల్చేటప్పుడు నేను ముందు చూసేది సిగ్నల్ ఎంతసేపు నిలబడుతోందన్నది.

మాట సంగతి త్వరగా తేల్చేద్దాం. మాట పంపే ఎస్‌ఎస్‌బీ పద్ధతిలో ఉన్న కాస్త పవరూ దాదాపు 2400 హెర్ట్జ్ మేర పరుచుకుపోతుంది. మోర్స్‌కి నూటయాభై చాలు, ఎఫ్‌టీ8కి యాభై. 10 మీటర్ల బ్యాండు (బ్యాండ్లని తరంగదైర్ఘ్యం పేరుతో పిలుస్తాం) బాగా తెరుచుకున్న పగటిపూట 5 వాట్ల మాట కూడా ఖండాలు దాటుతుంది. అలాంటి రోజు దొరికితే మైకు తీయండి. మిగతా రోజుల్లో అవతలివాళ్ల ఓపికకి పరీక్ష పెట్టడమే అవుతుంది.

అసలు పోటీ మోర్స్‌కీ ఎఫ్‌టీ8కీ మధ్యే. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ తెచ్చిన ఎఫ్‌టీ8 చెవికి అందని సిగ్నల్‌ని కూడా పట్టేస్తుంది. 2500 హెర్ట్జ్ వెడల్పులో కొలిస్తే నాయిస్ కన్నా దాదాపు 20 డీబీ కింద ఉన్నా డీకోడ్ అవుతుంది. ఎంత చెవిగల మోర్స్ ఆపరేటరైనా అంత లోతుకి దిగలేడు. కాగితం మీద చూస్తే తీర్పు ఇక్కడే అయిపోవాలి. రోజువారీ వాడకంలో అలా జరగదు.

ఎఫ్‌టీ8లో ఒక్కో వంతు 15 సెకన్లు, అందులో సిగ్నల్ వెళ్లేది 12.64 సెకన్లు. ఆ లోపల రెండు మూడు సెకన్లు సిగ్నల్ మునిగినా, తప్పులు దిద్దే కోడింగ్ ఉంది కాబట్టి సందేశం చాలాసార్లు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. గబగబా ఊగే ఫేడింగ్‌కి ఇంతకన్నా మంచి మందు లేదు. కానీ సీక్యూ (ఎవరైనా పలకండి అన్న పిలుపు) నుంచి 73 (వీడ్కోలు) దాకా ఆరు వంతులు, అంటే నిమిషంన్నర. సిగ్నల్ అరనిమిషం పైకి లేచి తర్వాత రెండు నిమిషాలు కనిపించకుండా పోయే రోజుల్లో ఆ నిమిషంన్నర నడుమే తెగుతుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది, నిజమే. ఈలోగా అవతలాయన ఇంకొకరితో మొదలుపెట్టేస్తాడు.

మోర్స్ బలం అక్కడే బయటపడుతుంది. సిగ్నల్ లేచిన ఆ అరనిమిషంలోనే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), రిపోర్టు (సిగ్నల్ ఎలా అందుతోందో), థాంక్యూ ముగించవచ్చు. సగం కాల్‌సైనే అందితే, ఆ సగం పంపి పక్కన ఒక ప్రశ్నగుర్తు పెడితే చాలు, మిగతాది వస్తుంది. ఎఫ్‌టీ8లో సగం సందేశం అనేది ఉండదు. డీకోడ్ అయితే మొత్తం, లేకపోతే సున్నా. భూఅయస్కాంత తుఫాను వేళల్లో ఉత్తర, దక్షిణ ధ్రువాల మీదుగా వచ్చే సిగ్నల్ బొంగురుపోతుంది. 6.25 హెర్ట్జ్ ఎడంలో ఉండే ఎఫ్‌టీ8 టోన్లు అప్పుడు ఒకదాన్నొకటి పూసుకుంటాయి. మోర్స్ గరగరమన్నా సరే, చుక్కా గీతా తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది.

బ్యాటరీ మాటకొస్తే, ఎఫ్‌టీ8 తన వంతు మొత్తం పూర్తి పవర్‌తో నడుస్తుంది, మోర్స్‌లో కీ నొక్కి ఉండేది సగం సేపో అంతకన్నా తక్కువో. చిన్న రిగ్గులు వేడెక్కేది ఎఫ్‌టీ8లోనే. పైగా కంప్యూటర్ కావాలి, దాని గడియారం సెకను అటూఇటూ కాకుండా ఉండాలి. మోర్స్ అడిగే ఖరీదు వేరు: నెలల సాధన. ఇది చిన్న మాట కాదు, నేర్చుకోవడానికి తీరిక లేనివాళ్లు ఎఫ్‌టీ8తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

ఏ మోడైనా, బ్యాండు తప్పుగా ఎంచుకుంటే ఏదీ కాపాడదు. పగలు వాతావరణం పైభాగంలోని డీ పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా మింగుతుంది, ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే ఆ నష్టం సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం 40 మీటర్లలో 5 వాట్లతో దూరాలకి పిలవడం వృథా ప్రయాస. 20కో, తెరిచి ఉంటే 15కో, 10కో వెళ్లాలి. చీకటి పడ్డాక 40 తన సత్తా చూపిస్తుంది. నాకు నచ్చింది మాత్రం 30 మీటర్లు. అక్కడ కాంటెస్టులు ఉండవు, బ్యాండు ప్లాన్లలో మాటకి దాదాపు చోటు లేదు, కిలోవాట్ల తోపులాట తక్కువ. సూర్యచక్రం 25 (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే 25వ చక్రం) గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. చక్రం దిగే ఏళ్లలో 10 మీటర్లు క్రమంగా పలచబడుతుంది, కాబట్టి 20, 30, 40లలో పట్టున్న మోర్స్ ఆపరేటర్ కొరగాకుండా పోడు.

కూర్చున్న పూట ఏది వాడాలో తేల్చడానికి నేను ముందు 14.100 మెగాహెర్ట్జ్ వింటాను. ప్రపంచవ్యాప్తంగా ఉన్న 18 బీకన్లు (దారి తెరిచి ఉందో లేదో తెలిపే గుర్తు సిగ్నళ్లు పంపే స్టేషన్లు) అక్కడ మూడు నిమిషాల చక్రంలో వంతులవారీగా వస్తాయి. కాల్‌సైన్ తర్వాత ఒక్కో సెకను చొప్పున నాలుగు గీతలు: 100 వాట్లు, 10, 1, చివరిది 0.1. రెండో గీత స్పష్టంగా వచ్చి మూడోది లీలగా వినిపిస్తే మన 5 వాట్లకి దారి ఉన్నట్టే, ప్యాడిల్ (మోర్స్ కొట్టే కీ) అందుకోవచ్చు. మొదటి గీత ఒక్కటే వినిపిస్తే ఎఫ్‌టీ8 పెట్టండి. కాల్‌సైన్ కూడా అందకపోతే బ్యాండు మార్చడమో, డైపోల్‌ని (తీగ యాంటెన్నాని) ఇంకాస్త పైకెత్తడమో చేయాలి. 20 మీటర్ల బ్యాండు డైపోల్ 4 మీటర్ల ఎత్తు నుంచి 10 మీటర్లకి చేరితే దూరాలకి పోయే వాలు కోణంలో వచ్చే లాభం కొత్త మోడ్ నేర్చుకున్నంత పని చేస్తుంది. యాంప్లిఫయర్ కొనే ఆలోచన ఉంటే, ముందు డైపోల్‌ని పైకెత్తే తాడూ కప్పీ సంగతి చూడండి.