పాత డస్టర్ డీజిల్: చెన్నైలో కొనేముందు బండి కింద దూరి చూడాల్సినవి

చెన్నై పక్కనే ఒరగడంలో తయారై 2012 జులైలో రోడ్డెక్కిన రెనో డస్టర్ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో మంచి బేరం. గుంతల్ని లెక్కచేయకుండా పోవడంలో ఆ ధరకి దీనికి సాటి బండి ఇప్పటికీ కష్టమే. నెల్లూరు హైవే మీద తొంభై దగ్గర నిలకడగా పోతే 85 పీఎస్ (పీఎస్ అంటే ఇంజిన్ శక్తి కొలత) బండి లీటరుకి 18, 19 ఇస్తుంది. ఊళ్లో ఏసీతో 13, 14. లోపలి ప్లాస్టిక్కు నాసి. మొదటి బండ్లలో సైడు అద్దాలు సర్దే మీట హ్యాండ్‌బ్రేకు కింద దాక్కుని ఉంటుంది (అక్కడ పెట్టాలని ఎవరికి తోచిందో!). మే నెలలో వెనక సీటు వాళ్లకి ఏసీ అంతంతమాత్రం. వీటితో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనివన్నీ బోనెట్ కింద, బండి అడుగున ఉంటాయి.

అమ్మేవాళ్లు ముందుగా చూపించేది ఓడోమీటర్. దానికి మరీ విలువ ఇవ్వకండి. మీటరు తిప్పడం ఒక సంగతి, తిప్పకపోయినా పదేళ్ల బండిలో అరిగేది ఇనుము కన్నా ముందు రబ్బరు. బిల్లులన్నీ ఉన్న లక్షన్నర కిలోమీటర్ల బండి, ఏ బిల్లూ లేని అరవై వేల బండి కన్నా నయం.

డీజిల్ ఇంజిన్ ఒకటే, 1461 సీసీ కె9కె. దాన్నే 85 పీఎస్‌గా ఐదు గేర్లతో, 110 పీఎస్‌గా ఆరు గేర్లతో ఇచ్చారు. 110 హైవే మీద బాగా లాగుతుంది కానీ 2000 ఆర్‌పీఎం లోపు దానిలో జీవం ఉండదు. అందుకే ట్రాఫిక్‌లో దాన్ని నడిపేవాళ్లు క్లచ్ మీద కాలు తీయరు. తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనే అయితే 85 తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ డస్టర్ ఆపేశారు కాబట్టి మీకు దొరికేవన్నీ అంతకు ముందువే. ఇదే ఇంజిన్ వెరిటో, టెర్రానో, సన్నీ, మైక్రాల్లోనూ ఉండటంతో సామాన్లకి ఇబ్బంది లేదు. కొత్త పార్టులు జీపీ రోడ్డులో, పాతవి పుదుపేటలో దొరుకుతాయి.

అన్నిటికన్నా ముందు టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా కదిలేలా చూసేది) సంగతి తేల్చుకోండి. ఈ ఇంజిన్‌లో చైన్ లేదు, రబ్బరు బెల్టే. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి, హెడ్డు విప్పాలి. ఆ ఖర్చుకి బండి కొన్న లాభమంతా పోతుంది. ఎనభై వేల కిలోమీటర్లు లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది లెక్కపెట్టుకోండి. చెన్నై ఎండకి, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడికి అంతకు మించి నమ్మకూడదు. "మార్చాం సార్" అంటే చాలదు, బిల్లు చూపించాలి. ఆ బిల్లులో బెల్టుతో పాటు టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచేది), వాటర్ పంపు కూడా ఉండాలి. వాటర్ పంపుని తిప్పేది ఈ బెల్టే కాబట్టి పంపు బేరింగ్ పట్టేసినా, కూలెంట్ కారినా కొత్త బెల్టు కూడా పోతుంది. పక్కనున్న ఆల్టర్నేటర్ బెల్టునీ వదలొద్దు. దాని అంచు పీచులుగా ఊడుతుంటే ఆ పీచు క్రాంక్ పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవర్‌లోకి దూరి బెల్టుని జార్చేస్తుంది. చవక బెల్టు పెద్ద ఇంజిన్‌ని తినేసేది ఇలాగే. లాకింగ్ పిన్నులు (బెల్టు మార్చేటప్పుడు ఇంజిన్ కదలకుండా బిగించేవి) లేకుండా పెయింటు గుర్తులు పెట్టి బెల్టు మార్చే మెకానిక్‌కి ఈ ఇంజిన్ అప్పగించొద్దు. బిల్లు లేకపోతే బెల్టు కిట్టు ఖర్చు, లేబరు ధరలోంచి తీసేసి మాట్లాడండి.

రెండోది ఆయిలు. కె9కెకి ఉన్న పాత జబ్బు బిగ్ ఎండ్ బేరింగులు (పిస్టన్ రాడ్డు క్రాంక్‌కి కలిసే చోట ఉండేవి) అరిగిపోవడం. ఆయిల్ మార్పిడి పదివేలు దాటించి ఇరవై వేలకి లాగిన బండ్లలో ఇది ఎక్కువ. ఇంజిన్ వేడెక్కాక 1500 నుంచి 2500 మధ్య యాక్సిలరేటర్ మెల్లగా వదిలి వినండి. కింది నుంచి బరువైన టక్‌టక్ వినిపిస్తే అక్కడితో బేరం ఆపేయండి. ఆయిల్ మూత తీసి తలకిందులుగా అదే నోటి మీద పెట్టండి. కాస్త వణకడం మామూలే. మూత ఎగిరిపడుతూ పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు అరిగినట్టు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందే స్టార్ట్ చేయొద్దని చెప్పినా చాలామంది చేస్తారు, అందుకే వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. చల్లటి ఇంజిన్ రెండు సెకన్లలో అందుకోవాలి. చెన్నై వాతావరణంలో గ్లో ప్లగ్గులు పోయినా బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే అనుమానం ఇంజెక్టర్ల మీదే పెట్టుకోవాలి. లీక్ ఆఫ్ టెస్టు (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్ కొలవడం) చేయించండి. నాలుగు సీసాల్లోకి వచ్చే డీజిల్ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి మిగతావాటికి రెట్టింపైతే ఆ ఇంజెక్టర్ పోయినట్టే. నీలి పొగ ఆయిలు కాలుతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ కూలెంట్ లోపలికి పోతోందని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ వస్తే ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి పట్టిందో, టర్బో గొట్టం చిట్లిందో. ఇది చిన్న పనే.

110లో క్లచ్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఏసీ వేసి, నలుగురిని ఎక్కించి, కత్తిపార ఫ్లైఓవర్ మీద నాలుగో గేరులో గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఇంజిన్ ఆపేటప్పుడు గేర్‌బాక్సు దగ్గర గడగడమంటే ఫ్లైవీలు (క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం) మీద అనుమానం. పెడల్ కిందికి పోయి లేవకపోతే స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) పోయినట్టు. అది గేర్‌బాక్సు లోపల ఉంటుంది, చిన్న సీలు పోయినా గేర్‌బాక్సు మొత్తం దించాలి. దించినప్పుడే ప్లేటు, కవరు, సిలిండరు మూడూ మార్చేయడం తెలివైన పని. 2016లో వచ్చిన ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే) బండి అయితే ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వచ్చే కుదుపు గమనించండి.

లిఫ్టు ఎక్కించాక లోయర్ ఆర్మ్ బుష్షులు, లింక్ రాడ్లు, ఇంజిన్ కింది మౌంటు చూడండి. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు వచ్చే కటకటలో సగం వీటిదే, పెద్ద ఖర్చు కాదు. ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలూ తిప్పే) బండైతే నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి అయితే వెనక చక్రాలకి శక్తి అందించే కప్లింగ్ ఊరికే శ్రమపడుతుంది. టైరు మీది చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 1419 అంటే 2019లో పద్నాలుగో వారం.

ఇక చెన్నైకే ప్రత్యేకమైన గండం, నీళ్లు. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ వేలచ్చేరి, ముడిచూరు, పళ్లికరణై వైపు బండ్లు మునిగాయి. వాటిలో కొన్ని శుభ్రంగా కడిగి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. సీటుబెల్టు చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల కింద, స్టెప్నీ బోల్టుల మీద తుప్పు, డాష్‌బోర్డు కింది కనెక్టర్లలో ఆకుపచ్చ మైల, కార్పెట్ కింద ఎండిన మట్టి ఉన్నాయేమో చూడండి. లోపల అత్తరు వాసన గుప్పుమంటే మరీ అనుమానించాలి. ఇంకో దారి పాత ఇన్సూరెన్స్ పాలసీలు. ఆ వరదల తర్వాతి రెన్యువల్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) యాభై శాతం నుంచి సున్నాకి పడి ఉంటే ఆ ఏడాది పెద్ద క్లెయిమ్ ఏదో జరిగినట్టే. దేనికని సూటిగా అడగండి. తిరువాన్మియూరు, ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) వైపు బండ్లకి నీటి కన్నా ఉప్పుగాలి బాధ. సైలెన్సర్, వెనక బీమ్, బ్రేకు పైపులు, ఏసీ కండెన్సర్ రెక్కలు పొడి రాలుతున్నాయేమో చూడండి.

కాగితాలు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే అది తీరిందని బ్యాంకు ఎన్‌ఓసీతో (అభ్యంతరం లేదనే కాగితం) ఫారం 35. బండి నెల్లూరుకో, తిరుపతికో తీసుకెళ్లి అక్కడే ఉంచేట్టయితే ఫారం 28 ఎన్‌ఓసీ ఇక్కడి ఆర్టీఓ దగ్గర తీయించుకోవాలి. పన్నెండు నెలలకి మించి ఇంకో రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు, అక్కడి లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ డబ్బు ముందే లెక్కేసుకోండి. 2012 బండి ఆర్‌సీ 2027తో ముగుస్తుంది, ఆ పైన ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించాలి. చలాన్లు ఏమైనా మిగిలి ఉంటే అమ్మేవాడి చేతే కట్టించండి. పాలసీ మీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయాలి. నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, పాత ఓనర్‌తోనే పోతుంది. ఆ తేడా కట్టాల్సింది మీరే, కాబట్టి టోకెన్ ఇచ్చేముందే దాన్ని బేరంలో తగ్గించి మాట్లాడుకోండి.