తల తిరిగితే మాత్రలా, ఎప్లీ పద్ధతా?

తెల్లారి మంచం మీద పక్కకు ఒత్తిగిల్లగానే గదంతా గిర్రున తిరుగుతుంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంటాం, అర నిమిషంలో ఆగిపోతుంది. బీపీ అనుకుని టెన్షన్ పడతాం కానీ, ఇలా వచ్చేది చాలావరకు బీపీపీవీ, అంటే తల కదిపినప్పుడు కాసేపు వచ్చే తిప్పు. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు జారి, తల కదలికను పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలో పడతాయి, అంతే.

పనిచేసే తీరు: మాత్ర తిప్పునూ వికారాన్నీ కాస్త అణచవచ్చు, రేణువులు మాత్రం అక్కడే ఉంటాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో తలను వరుసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి వాటిని వెనక్కి జారుస్తారు.

ఖర్చు: మాత్రలు వారాల తరబడి కొంటూనే ఉంటాం. ఎప్లీకి ఈఎన్‌టీ ఫీజు. తరచూ ఒకటి రెండు సార్లతో సరిపోతుంది.

శ్రమ: మాత్ర మింగడం తేలికే. ఎప్లీలో ఆ కాసేపు తిప్పు మళ్లీ వస్తుంది, కొందరికి వాంతీ అవుతుంది.

రిస్కు: తిప్పును అణిచే మాత్రలు ఎక్కువకాలం వాడితే మగత; పెద్దవాళ్లు పడిపోయే భయం. మెడ ఎముకల సమస్య ఉంటే ఎప్లీకి ముందే డాక్టరుకు చెప్పాలి. రేణువులు జారింది ఏ చెవిలోనో తేలకుండా వీడియో చూసి చేసుకోవడం నాకు నచ్చదు.

పడుకున్నా, తల తిప్పినా క్షణాలపాటే వస్తే ఎప్లీ. చెవిలో హోరు, వినికిడి తగ్గడంతో గంటల తరబడి ఉంటే అది మెనియర్స్ అనే మరో లోపలి చెవి జబ్బు కావచ్చు, అక్కడ మందులదే పాత్ర. మాట తడబడినా, చెయ్యి పడిపోయినా రెండూ కాదు, 108.