మురుగునీటి శుద్ధికి ఏది మేలు: గాలి తొట్లా, ఎండ కుంటలా?

పాతిక డిగ్రీల వేడిలో లీటరు నది నీటిలో ఇమిడే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. చాలా చేపలకు అందులో 4, 5 అయినా ఉండాలి. ఇళ్ల నుంచి వచ్చే మురుగులోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేయాలంటే లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. ఈ ఆక్సిజన్ అవసరాన్నే బీఓడీ అంటారు. అంటే ఒక్క లీటరు మురుగు పాతిక లీటర్ల నది నీటి ఊపిరి తీయగలదు. అందుకే ఆ మలినాన్ని నదికి చేరకముందే సూక్ష్మజీవుల చేత తినిపించాలి. ఎక్కడ, ఎలా అన్నదే ప్రశ్న.

మొదటి దారి యాక్టివేటెడ్ స్లడ్జ్, అంటే గాలి తొట్టి. 1914లో మాంచెస్టర్‌కు చెందిన ఆర్డెర్న్, లాకెట్ దీన్ని ప్రకటించారు. తొట్టిలోకి గాలి ఊదుతూ సూక్ష్మజీవుల మడ్డిని తేలుతూ ఉంచుతారు. ఆరేడు గంటల్లో పని పూర్తవుతుంది, స్థలం కొంచెమే చాలు. తొట్టి ఆరోగ్యం తెలియాలంటే లీటరు జాడీలో ఆ నీటిని పట్టి అరగంట కదపకుండా ఉంచాలి. గోధుమరంగు మడ్డి కిందికి దిగి, పైన తేటనీరు నిలిచి, తడిమట్టి వాసన వస్తే అంతా బాగున్నట్టు. మడ్డి నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడితే గాలి అందలేదన్నమాట. శుద్ధి కేంద్రం వాడే కరెంటులో దాదాపు సగం ఈ గాలికే పోతుంది. కొన్ని గంటలు కరెంటు లేకపోతే తొట్టి దెబ్బతింటుంది.

రెండోది వరుస కుంటలు. లోతైన మొదటి కుంటలో మలినం అడుక్కి దిగి కుళ్లుతుంది. తర్వాతి కుంటల్లో పచ్చటి నాచు పగలంతా ఆక్సిజన్ వదులుతుంది. మోటారు అక్కర్లేదు. నీరు రెండు మూడు వారాలు నిలుస్తుంది కాబట్టి నులిపురుగుల గుడ్లు అడుక్కి చేరతాయి, రోగక్రిములు ఎండకు చస్తాయి. గాలి తొట్టి క్రిములను ఇంతగా చంపలేదు, ఆపైన క్లోరిన్ లాంటిది వాడాల్సిందే. కుంటల లోపాలు చిన్నవేమీ కావు: విశాలమైన నేల కావాలి, చలికి పని మందగిస్తుంది, నాచు నీటితోపాటు బయటికి పోతుంది.

మంచి రోజున రెండూ బాగానే పనిచేస్తాయి. నేను తూకం వేసేది చెడ్డ రోజును. ఏడాది సగటుతో చేపలకు పని లేదు, ఒక్క రాత్రి ఆక్సిజన్ అడుగంటితే తెల్లవారేసరికి చచ్చి తేలుతాయి. అందుకే ఎండ, నేల ఉన్న చిన్న పట్టణానికి నిస్సందేహంగా కుంటలే మేలంటాను. కరెంటు పోయినా, ఆపరేటరు రాకపోయినా నీరు అక్కడే నిలిచి శుద్ధి అవుతూ ఉంటుంది.

నేల దొరకని నగరానికి గాలి తొట్టి తప్పదు. నదిలో నాచు విపరీతంగా పెరగకుండా నైట్రోజన్, ఫాస్ఫరస్ తగ్గించాలన్నా దాన్నే మలచుకోవడం సులువు. అయితే జనరేటరు, రోజూ బయటపడే మడ్డిని ఆరబెట్టే చోటు మొదటి అంచనాలోనే ఉండాలి. కుంటలు కట్టేవారు కూడా కొన్నేళ్లకోసారి పూడిక తీసే ఖర్చును అప్పుడే రాసుకోవాలి.